ఆకలి తగ్గించే ఇంజెక్షన్ రాశారు. మొదలుపెట్టాలా? అమ్మ థైరాయిడ్ ఆపరేషన్, కార్తీక సోమవారాలు, ఖర్చు గురించి సలహా కావాలి

బెజవాడ టీచర్:

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్ళు. విజయవాడ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడుతున్నాను. దసరా సెలవుల్లో చేయించిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.3 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు కానీ గుమ్మం దాకా వచ్చిందన్నారు. రాత్రి గురకకు మా పాప లేచి పక్క గదిలోకి వెళ్ళి పడుకుంటోంది. మధ్యాహ్నం ఐదో పీరియడ్ వచ్చేసరికి మోకాళ్ళు నిలబడనివ్వవు.

డాక్టరు గారు అన్నీ చూసి టిర్జెపటైడ్ రాశారు. మౌంజారో పేరుతో వస్తుందట, వారానికి ఒక ఇంజెక్షన్. మందుల చీటీ తెచ్చుకుని పర్సులో పెట్టుకున్నాను, ఇంకా కొనలేదు.

2018లో మా ఊరంతా కొబ్బరినూనె తాగే డైట్ చేస్తున్నప్పుడు నేనూ చేశాను. 14 కిలోలు తగ్గాను. మళ్ళీ అన్నం మొదలుపెట్టాక ఆ 14తో పాటు ఇంకో నాలుగు కలిసి వచ్చాయి. జొన్నరొట్టె తిన్నాను, మునిసిపల్ స్టేడియంలో పొద్దున్నే నడిచాను. ఏది చేసినా కొన్ని నెలలు బాగుంటుంది, తర్వాత ఆకలి మీద పడుతుంది. ఆ ఆకలి ఎలా ఉంటుందో రాస్తాను, ఎందుకంటే లేనివాళ్ళకు ఇది అర్థం కాదు. రాత్రి ఎనిమిదిన్నరకు భోజనం అయిపోతుంది. వంటిల్లు సర్దుతుంటే గిన్నె అడుగున పప్పన్నం మిగిలి ఉంటుంది, గరిటెతో గీకి నోట్లో వేసుకుంటాను. లైటు తీసి పడుకున్నాక కూడా స్టీలు డబ్బాలో జంతికలు ఉన్నాయన్న సంగతి తల్లోంచి పోదు. కడుపు నిండే ఉంటుంది, అయినా అది వేరే, ఇది వేరే. మా అత్తగారు "నోరు కట్టుకుంటే చాలు, దీనికి సూదులెందుకు" అంటారు. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనరు. కానీ ప్రతి పండక్కీ, ప్రతి పెళ్ళికీ ఆ మాట వినీ వినీ ఇరవై ఏళ్ళుగా నేను కూడా నాలోనే ఏదో లోపం ఉందనుకుంటూ వచ్చాను. డాక్టరు గారు మాత్రం ఇది ఒంటికి సంబంధించిన జబ్బు అని చెప్పారు. ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆయనే.

ఇప్పుడు నా సందేహాలు. డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురు, ఇంజెక్షన్ ఎందుకు, అక్కడ ఆకలి తగ్గించే టాబ్లెట్ చవగ్గా దొరుకుతుంది, ఎవరైనా వస్తుంటే పంపిస్తానంటోంది. అది వాడొచ్చా? రెండోది, మా ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందా అని డాక్టరు గారు అడిగారు. అమ్మకు 2009లో గొంతు దగ్గర గడ్డ తీశారు, రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది, అంతవరకే నాకు తెలుసు. ఆయన కనుక్కుని రమ్మన్నారు. అమ్మను అడిగితే "గడ్డమ్మా, తీసేశారు" అంటుంది. ఇది అంత ముఖ్యమా? మూడోది, కార్తీక సోమవారాలు నక్షత్రం చూసేదాకా ఉంటాను, పెళ్ళయినప్పటి నుంచి మానలేదు. ఇంజెక్షన్ మీద ఉండొచ్చా? చివరిది డబ్బు. పాడుకున్న చిట్ డబ్బు కొంత ఉంది. అది ఒక ఏడాదికి వస్తుంది. ఆ తర్వాత ఆపేస్తే ఏమవుతుంది?

తెలిసినవాళ్ళు ఓపిగ్గా చెప్పండి.

ఏలూరు ఫార్మసిస్టు:

అమ్మా, ముందు థైరాయిడ్ సంగతి, ఎందుకంటే మీ ప్రశ్నల్లో అదే అన్నిటికంటే ముఖ్యం. థైరాయిడ్ క్యాన్సర్లలో మెడుల్లరీ అని ఒక అరుదైన రకం ఉంది. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. ఎలుకల మీద పరీక్షించినప్పుడు ఈ మందుల వల్ల థైరాయిడ్‌లో సీ కణాల గడ్డలు వచ్చాయి, మెడుల్లరీ పుట్టేది ఆ కణాల్లోనే. మనుషుల్లో అలా జరుగుతుందని తేలలేదు. అయినా తమకు గానీ, రక్తసంబంధీకులకు గానీ మెడుల్లరీ క్యాన్సర్ ఉన్నవాళ్ళకు, మెన్-2 అనే జన్యు సమస్య ఉన్నవాళ్ళకు ఈ మందు ఇవ్వకూడదని నియమం. మామూలు హైపోథైరాయిడ్ ఉండి మాత్ర వేసుకుంటున్నవాళ్ళు దీనికి భయపడక్కర్లేదు. అందుకని మీకు కావలసింది అమ్మగారి బయాప్సీ రిపోర్టు. గడ్డ తీస్తే పరీక్షకు పంపిస్తారు, కాగితం ఇస్తారు. మన ఇళ్ళల్లో పాత ఎక్స్‌రేలు, రిపోర్టులు బీరువా మీద సంచిలో పడి ఉంటాయి, అక్కడ వెతకండి. దొరక్కపోతే ఆపరేషన్ చేసిన ఆస్పత్రిని అడగండి. ఆ కాగితం మీ డాక్టరు గారు చూసేదాకా మందు కొనొద్దు.

ఇక టాబ్లెట్. నేను కౌంటర్లో నిలబడి పాతికేళ్ళు దాటింది. ఆకలి చంపే మందులు వచ్చి వెళ్ళడం కళ్ళతో చూశాను. సిబుట్రమిన్ అని ఒక క్యాప్సూల్ ఉండేది. పెళ్ళిళ్ళ సీజన్ ముందు ఆడపిల్లల తల్లులు పేరు రాసుకుని వచ్చి అడిగేవాళ్ళు. గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్ళ మీద పెద్ద ఎత్తున పరీక్షిస్తే గుండెపోటు, పక్షవాతం ఎక్కువవుతున్నాయని తేలింది. 2010లో యూరప్‌లో, అమెరికాలో ఆపేశారు. 2011 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం నిషేధించింది. నా షాపులో ఉన్న స్టాకు స్టాకిస్టుకు తిప్పి పంపాను. దానికంటే ముందు అమెరికాలో ఫెన్‌ఫ్లూరమిన్ అనే మందు గుండె కవాటాలను పాడు చేస్తోందని 1997లో తీసేశారు. రిమొనబాంట్ అని మరొకటి వచ్చింది. అది మనిషిని కుంగుబాటులోకి, ఆత్మహత్య ఆలోచనల్లోకి నెట్టేది, అదీ పోయింది. ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, మందు పేరు, మోతాదు, మీ గుండె, మీ బీపీ ఏవీ చూడకుండా ఎవరో సూట్‌కేసులో తెచ్చి ఇచ్చే టాబ్లెట్ వేసుకోకూడదు కాబట్టి. మూలికలు అని రాసి అమ్మే స్లిమ్మింగ్ క్యాప్సూళ్ళలో కూడా నిషేధించిన సిబుట్రమిన్ కలిపి ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు హెచ్చరించింది. మూలిక కదా, ఏం చేస్తుందిలే అనుకునేవాళ్ళు నాకు రోజూ కనిపిస్తారు.

ఇప్పటి ఇంజెక్షన్లు పని చేసే దారే వేరు. మనం తిన్నప్పుడు పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను వస్తుంది. ఇక చాలు అని మెదడుకు కబురు చేరుస్తుంది, జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అయ్యేలా చూస్తుంది. మన ఒంట్లో పుట్టేది నిమిషాల్లో కరిగిపోతుంది. మందులో దాన్ని రోజుల తరబడి నిలిచేలా మార్చారు, అందుకే వారానికి ఒకటి సరిపోతుంది. ఇదే కోవలోని సెమాగ్లూటైడ్ అనే మందు ఈ ఒక్క హార్మోను పని చేస్తే, మీకు రాసిన టిర్జెపటైడ్ దీనితో పాటు జీఐపీ అనే రెండోదాని పని కూడా చేస్తుంది. మీరు రాసిన జంతికల డబ్బా ఆకలి ఉందే, అది ఈ కబుర్లలో ఉన్న తేడా తల్లీ. గుణంలో లోపం కాదు. మీ అత్తగారికి కోపం లేకుండా ఇలాగే చెప్పి చూడండి.

ఆపేస్తే ఏమవుతుందన్నారు. ఇది నేరుగానే చెప్పాలి. టిర్జెపటైడ్ మీద షుగర్ లేనివాళ్ళతో 72 వారాలు జరిపిన పరీక్షలో మోతాదును బట్టి సగటున 15 నుంచి 21 శాతం దాకా బరువు తగ్గారు. 15 శాతమే అనుకున్నా మీ 94లో అది 14 కిలోలు. మరో పరీక్షలో అందరికీ 36 వారాలు మందు ఇచ్చి, తర్వాత సగం మందికి ఆపి ఉత్త సూది ఇచ్చారు. ఆపినవాళ్ళు ఆ తర్వాతి ఏడాదిలో సగటున 14 శాతం తిరిగి పెరిగారు. కొనసాగించినవాళ్ళు ఇంకా తగ్గారు. కాబట్టి దీన్ని ఒక కోర్సు అనుకుని ఏడాదికి డబ్బు సర్దుకోవడం సరైన లెక్క కాదు. బీపీ మాత్ర ఎలా ఎన్నాళ్ళు అవసరమైతే అన్నాళ్ళు వాడతామో దీన్నీ అలాగే చూడాలి. 2025 మార్చిలో మన దేశంలో విడుదలైనప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. అవి వారానికి ఒకటి చొప్పున. సెమాగ్లూటైడ్‌కు మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి దాకానే, ఆ తర్వాత మన కంపెనీలూ తయారు చేయొచ్చు. ఒక ఏడాది దాటాక ఏ మందు, ఎంత మోతాదు, మీకు ఎంత భారం అన్నది ఇప్పుడే డాక్టరు గారితో మాట్లాడుకోండి. డబ్బు సంగతి డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడకండి. చెప్తే ఆయన దానికి తగ్గట్టు ఆలోచిస్తారు.

డాలస్ అమ్మాయి:

అక్కా, మీ చెల్లెలు చెప్తున్నది ఫెంటెర్మిన్ అయ్యుంటుంది. ఇక్కడ 1959 నుంచి ఉన్న మందు, నిజంగానే చవక. నేను వాడాను కాబట్టి చెప్తున్నా. 37.5 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున్నే వేసుకునేదాన్ని. ఆకలి తగ్గింది, అందులో అబద్ధం లేదు. కానీ నోరు ఎండిపోయేది, రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టేది కాదు, మెట్లెక్కితే గుండె దడదడ కొట్టుకునేది. ఇది నరాలను ఉత్తేజపరిచే మందు. బీపీని, నాడిని పెంచగలదు. మీకు ఇప్పటికే బీపీ ఉంది. మా డాక్టరు నెలనెలా పిలిచి బీపీ, పల్స్ చూసి గానీ తర్వాతి నెలకు రాసేది కాదు, అదీ కొద్దికాలానికే. గుండె జబ్బు, గ్లకోమా అనే కంటి జబ్బు, హైపర్‌థైరాయిడ్ ఉన్నవాళ్ళకు అసలు ఇవ్వరు.

ఇంకో సంగతి మీ చెల్లెలికి చెప్పండి. ఇది ఇక్కడ నాలుగో షెడ్యూల్ కింద నియంత్రణలో ఉన్న మందు. తన పేరు మీద రాసినదాన్ని ఇంకొకరికి ఇవ్వడమే నేరం. తెచ్చేవాళ్ళు విమానాశ్రయంలో ఇరుక్కుంటారు. ప్రేమతోనే అంటోంది, తెలియక. వద్దని మీరే గట్టిగా చెప్పండి.

మియాపూర్ నుంచి:

మేడమ్, నేను మీకు రాసిన మందే ఈ ఏప్రిల్ నుంచి వాడుతున్నా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, 118 కిలోలతో మొదలుపెట్టిన. ఇప్పుడు 7.5 మోతాదులో ఉన్నా. పైన ఫార్మసిస్టు గారు సైన్స్ చెప్పిండ్రు, నేను ఇంట్లో ఎట్లుంటదో చెప్తా.

వయల్ చిన్న గాజు సీసా, లోపల అర మిల్లీలీటరు ఉంటది. 100 గీతలున్న ఒక మిల్లీలీటరు ఇన్సులిన్ సిరంజితో 50 గీత దాకా లాగాలె. మొదటిసారి క్లినిక్‌లో నర్సు నా చేతనే చేయించింది, మీరు కూడా అట్లనే అడగండి. రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడిచి, సీసా తలకిందులు పట్టి, నిదానంగా లాగితే బుడగలు రావు. పొట్ట మీద బొడ్డుకు రెండు అంగుళాలు ఎడంగా వేసుకుంటా, ప్రతి వారం చోటు మారుస్తా. సూది నొప్పి ఏమీ లేదు, చీమ కుట్టినంత కూడా ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టాలె, డీప్ ఫ్రీజర్‌లో కాదు. గడ్డకడితే పారేసుడే. బయట 30 డిగ్రీల లోపలైతే 21 రోజులు ఉంటదని రాసిండ్రు గానీ మీ బెజవాడ ఎండలో ఆ మాట పట్టుకోకండి.

మొదటి నాలుగు వారాలు 2.5. అది అసలు మోతాదు కాదు, ఒంటికి అలవాటు చేసేందుకు. సూది వేసుకున్న మర్నాడు, ఆ మర్నాడు కడుపులో తిప్పుతది. నేను శుక్రవారం రాత్రి వేసుకుంటా, శని ఆదివారాలు ఇంట్ల ఉంటాం కాబట్టి. మీకు బడి ఉంటది కదా, ఇది ఆలోచించండి. నూనెలో వేయించినవి తింటే వాంతి అయితది, బజ్జీలు రెండు తిని రాత్రంతా బాధపడ్డ. మలబద్ధకం చాలామందికి వస్తది, నీళ్ళు, ఆకుకూర, అవసరమైతే డాక్టరు రాసిన పొడి.

ఆకలి ఎట్ల పోయిందంటే, అది మాటల్లో పెట్టుడు కష్టం. ఆఫీసులో ఎవరో పుట్టినరోజు కేకు టేబుల్ మీద పెడితే ఇదివరకు మీటింగ్ అంతా నా కళ్ళు దాని మీదనే ఉండేవి. ఇప్పుడు కేకు అక్కడ ఉందని తెలుస్తది, అంతే, పని చేసుకుంట. మీరు రాసిన స్టీలు డబ్బా సంగతి చదివినప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చినయ్.

కానీ దీంతో ఒక ప్రమాదం ఉంది. ఆకలి లేదు కదా అని రెండు ముద్దలు పెరుగన్నం తిని ఊరుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతది. నాకు రెండో నెలల బియ్యం బస్తా ఎత్తుతుంటే చేతులు వణికినయ్. అప్పుడు డైటీషియన్ చెప్పింది, తినే నాలుగు ముద్దల్లో ముందు మాంసకృత్తులు పోవాలె, తర్వాతనే అన్నం అని. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం రెండు గుడ్లు లేదా చికెన్, సాయంత్రం ఉడకబెట్టిన శనగలు, రాత్రి పనీర్ లేదా పప్పు చిక్కగా. దాంతో పాటు వారానికి మూడుసార్లు బరువులు. మీకు మోకాళ్ళు నొప్పి అన్నరు, కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామంతో మొదలుపెట్టొచ్చు, ఫిజియోను అడగండి.

ఏలూరు ఫార్మసిస్టు:

తమ్ముడు చాలా బాగా చెప్పాడు. కార్తీకం గురించి నేను ఇందాక రాయలేదు. టిర్జెపటైడ్ ఒక్కటే వాడేవాళ్ళకు ఉపవాసంలో షుగర్ మరీ పడిపోయే భయం తక్కువ. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మందులు కలిపి వాడేవాళ్ళకు ఆ భయం ఉంటుంది, మీకు అవి లేవు. మీ విషయంలో నా భయం నీళ్ళ గురించి. వికారంతో నీళ్ళు సరిగ్గా తాగకపోవడం, పైన బీపీ మాత్ర, ఆపైన పగలంతా ఉపవాసం. ఈ మూడూ కలిస్తే కళ్ళు తిరిగి పడిపోతారు, కిడ్నీల మీద భారం పడుతుంది. మందు మొదలుపెట్టిన వారాల్లో నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం వద్దు. పైగా కార్తీకంలో మీ ఇంట్లో గుడ్డు, మాంసం ఉండవు కదా, మాంసకృత్తులకూ ఇబ్బందే. నెల ఆగి మొదలుపెట్టొచ్చేమో డాక్టరు గారిని అడగండి.

పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి వచ్చి వీపు దాకా పాకితే, వాంతులు ఆగకపోతే, మందు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అది పాంక్రియాస్ (క్లోమం) వాపు కావచ్చు. కుడి డొక్క కింద నొప్పి అయితే పిత్తాశయంలో రాళ్ళు కావచ్చు, బరువు త్వరగా తగ్గినప్పుడు అవి ఏర్పడుతుంటాయి. ఏ ఆపరేషన్‌కు వెళ్ళినా మత్తు డాక్టరుకు ఈ ఇంజెక్షన్ వాడుతున్నానని చెప్పాలి, ఎందుకంటే కడుపు ఖాళీ అవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఇది చదివే ఆడపిల్లల కోసం ఇంకొకటి. గర్భం అనుకునేవాళ్ళు ఇవి వాడకూడదు. గర్భనిరోధక మాత్రల మీద ఉన్నవాళ్ళు టిర్జెపటైడ్ మొదలుపెట్టాక నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు వేరే పద్ధతి కూడా పాటించాలి, మాత్ర సరిగ్గా ఒంటబట్టదు. ఇది చాలామందికి ఎవరూ చెప్పడం లేదు.

బెజవాడ టీచర్:

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆదివారం గుడివాడ వెళ్ళాను. అమ్మ గది అటక మీద నాన్న పెన్షన్ కాగితాలతో పాటు ప్లాస్టిక్ సంచిలో రిపోర్టు దొరికింది. మడతల దగ్గర చిరిగింది కానీ అక్షరాలు కనిపిస్తున్నాయి. మల్టీనాడ్యులర్ గాయిటర్ (గడ్డలతో ఉబ్బిన థైరాయిడ్), క్యాన్సర్ కణాలు లేవు అని ఉంది. ఇన్నేళ్ళూ ఆ సంచిని ఎవరూ తెరవలేదు. అమ్మకు చదివి వినిపిస్తే "నాకు అప్పుడే చెప్పి ఉంటే ఇన్నాళ్ళు లోపల్లోపల భయపడేదాన్ని కాదుగా" అంది. ఆవిడ భయపడుతోందనే నాకు తెలియదు.

నిన్న డాక్టరు గారికి చూపించాను, మందు వాడొచ్చన్నారు. కిడ్నీ, లివర్ పరీక్షలు, పిత్తాశయానికి స్కానింగ్ రాశారు. కార్తీకం అయ్యాకే మొదలుపెడదామని ఆయనే అన్నారు. ఒక నెలకు ఏమీ మునిగిపోదన్నారు. డబ్బు సంగతి కూడా అడిగాను. 5 మిల్లీగ్రాముల దగ్గర బాగా పని చేస్తుంటే పెంచక్కర్లేదని, వేసవి నాటికి సెమాగ్లూటైడ్ ధరలు ఎలా ఉంటాయో చూసి అప్పుడు ఆలోచిద్దామని చెప్పారు. మా చెల్లెలికి టాబ్లెట్ వద్దని చెప్పేశాను, తను కూడా భయపడింది. పోలి స్వర్గం వెళ్ళాక వచ్చే శుక్రవారం రాత్రి మొదటిది. మా అత్తగారికి ఇక్కడి జవాబులన్నీ చదివి వినిపించాను. ఏమీ అనలేదు కానీ, శనగలు ఎన్ని నానబెట్టాలో కనుక్కోమన్నారు. ఒక్కదానికి రోజుకు ఎంత నానబెట్టాలి?

మియాపూర్ నుంచి:

ఎండువి 50 గ్రాములు తీసుకోండి మేడమ్, అందులో పది గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటయ్. మొదట్లో ఒక్కసారే అంత తినలేరు, పొద్దున సగం, సాయంత్రం సగం చేసుకోండి. బాగా మెత్తగా ఉడకబెట్టండి, లేకపోతే కడుపు ఉబ్బరం వస్తది.

ఏలూరు ఫార్మసిస్టు:

కొనేటప్పుడు బిల్లు తప్పకుండా తీసుకోండి అమ్మా. పెట్టె మీద బ్యాచ్ నంబరు, బిల్లులో నంబరు ఒకటేనా చూడండి. ఇదే కోవలోని సెమాగ్లూటైడ్‌కు నకిలీలు తిరుగుతున్నాయని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థే హెచ్చరించింది. షాపులో ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నారో లేదో కళ్ళతో చూసి, ఐస్ ప్యాక్ పెట్టిన సంచిలో ఇంటికి తీసుకెళ్ళండి. వయల్ మాత్రం ఐస్‌కు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టండి.